డెన్మార్క్ ‘సోరెన్’: ఒక లాటిన్ పేరు పల్లె జనం పేరుగా మారిన తీరు

తెలుగు పత్రికల్లో ‘సోరెన్’ అన్న పేరు చూడగానే ఎక్కువమందికి ఝార్ఖండ్ గుర్తొస్తుంది. శిబూ సోరెన్, హేమంత్ సోరెన్ ఇద్దరూ ఆ రాష్ట్రానికి ముఖ్యమంత్రులుగా పనిచేసినవాళ్ళే. తత్వశాస్త్రం చదివేవాళ్ళకు మాత్రం ఆ పేరు వినగానే 19వ శతాబ్దపు డేనిష్ తత్వవేత్త సోరెన్ కీర్కెగార్డ్ గుర్తొస్తాడు. మొదటిది వంశాన్ని చెప్పే పేరు, రెండోది పుట్టిన బిడ్డకు పెట్టిన పేరు. తెలుగు లిపిలో రెండింటి రాతా ఒకటే కావడంతో, వీటికి ఏమైనా చుట్టరికం ఉందా అన్న సందేహం రావడం సహజం. పిల్లల పేర్ల జాబితాలు వెతికితే గందరగోళం ఇంకాస్త పెరుగుతుంది. ఒకచోట ‘కఠినుడు’ అని ఉంటుంది, ఇంకోచోట ఉరుముల దేవుడు థోర్ పేరుతో ముడిపెట్టి ఉంటుంది.

క్లుప్తంగా

డేనిష్ సోరెన్‌కు మూలం ‘సెవెరీనుస్’ అనే లాటిన్ పేరు. దాని ధాతువుకు ‘కఠినమైన, గంభీరమైన’ అని అర్థం. ఒక క్రైస్తవ సెయింట్ పేరుగా డెన్మార్క్ చేరి, అక్కడి నాలుక మీద అరిగి, పక్కా పల్లె జనం పేరైంది. సెయింట్లను కొలవడం 16వ శతాబ్దంలో ఆగిపోయినా పేరు ఆగలేదు. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం దాన్ని నిలబెట్టింది. థోర్‌తోగానీ ఝార్ఖండ్ సోరెన్‌తోగానీ దీనికి సంబంధం లేదు.

మూలం ఎక్కడ?

ప్రాచీన రోమ్‌లో ‘సెవెరుస్’ అనేది వంశాల్లో నడిచిన పేరు. కఠినుడు, గంభీరంగా ఉండేవాడు అని దాని భావం. క్రీ.శ. 193 నుంచి 211 వరకు రోమ్‌ను పాలించిన చక్రవర్తి సెప్టిమియుస్ సెవెరుస్ పేరులో ఉన్నది ఇదే మాట. ‘జ్వరం సివియర్‌గా ఉంది’ అని తెలుగువాళ్ళు రోజూ వాడే సివియర్ కూడా ఈ ధాతువు నుంచే ఇంగ్లిష్‌లోకి, అక్కడినుంచి మనకూ వచ్చింది. సెవెరుస్‌కు ‘ఈనుస్’ అనే ప్రత్యయం చేరితే సెవెరీనుస్, అంటే సెవెరుస్‌కు చెందినవాడు లేదా ఆ వంశంవాడు. ఇంకా ఖచ్చితంగా చెప్పాలంటే సోరెన్ అంటే ‘కఠినుడు’ కాదు, ‘కఠినుడి తాలూకు మనిషి’.

రోమన్ పేరు ఉత్తరాన ఉన్న డెన్మార్క్ చేరడానికి దారి వేసింది చర్చి. క్రీ.శ. 400 ప్రాంతంలో జర్మనీలోని కొలోన్ నగరానికి సెవెరీనుస్ అనే బిషప్ ఉండేవాడు. ఆయన్ను తర్వాత సెయింట్‌గా కొలిచారు. ఆయన పండుగ అక్టోబర్ 23. డేనిష్ చర్చి 12వ శతాబ్దం ఆరంభం వరకు జర్మన్ నేల మీది హాంబుర్గ్-బ్రేమెన్ ఆర్చ్‌బిషప్ అధికారం కింద ఉండేది. పండుగల క్యాలెండరు, ప్రార్థనలు, సెయింట్ల కథలు అటునుంచే వచ్చాయి. వాటితోపాటు పేర్లూ వచ్చాయి.

అంతకుముందు డేన్‌ల పేర్లు వేరు. హరాల్డ్, స్వెన్, క్నుడ్, గోర్మ్, టోకె వంటివి. వాటిలో సైన్యం, ముడి, యువకుడు వంటి అర్థాలు పైకే వినిపించేవి. కొత్తగా వచ్చిన పేర్లకు డేనిష్ చెవికి తెలిసే అర్థమేదీ లేదు. బిడ్డకు ఆ పేరు పెట్టడమంటే ఆ సెయింట్ అండలో పెట్టడం. సెవెరీనుస్ అంటే కఠినుడని లాటిన్ చదివిన పూజారికి తెలిసి ఉండొచ్చు. పొలం దున్నే తండ్రికి తెలియాల్సిన అవసరమే లేదు. ‘ఈ పేరుకు అర్థమేమిటి’ అన్న ప్రశ్నకు నిఘంటువు ఇచ్చే జవాబు ఒకటి, పేరు పెట్టినవాళ్ళ మనసులో ఉన్నది ఇంకొకటి. సోరెన్ విషయంలో ఈ రెండూ మొదటిరోజు నుంచే విడివిడిగా ఉన్నాయి.

నాలుగు అక్షరాలు రెండయ్యాయి

సెవెరీనుస్ ఎక్కడ, సోరెన్ ఎక్కడ అనిపించవచ్చు. తెలుగు వ్యాకరణం చదివినవారికి ఇది కొత్త సంగతి కాదు. ప్రకృతి-వికృతి పాఠంలో సముద్రం సంద్రం కావడం, లక్ష్మి లచ్చి కావడం చూసినవాళ్ళమే. సంస్కృత పదం తెలుగు నాలుక మీద తిరిగి అరిగినట్టే, లాటిన్ పేరు డేనిష్ నాలుక మీద అరిగింది.

అరిగిన తీరు ఇది. ముందు చివరనున్న లాటిన్ ‘ఉస్’ రాలిపోయింది, సెవెరిన్ మిగిలింది. లాటిన్‌లో ఊనిక, అంటే నొక్కి పలకడం, ‘రీ’ మీద పడుతుంది. డేనిష్‌లో మాటను మొదటి అక్షరం మీద నొక్కి పలకడం అలవాటు. ఊనిక ముందుకు జరగ్గానే తర్వాతి అక్షరాలు బలహీనపడ్డాయి, మధ్యలోని ‘ఎ’ మింగుడుపడింది. సముద్రంలో ‘ము’కు పట్టిన గతే దానికీ పట్టింది. ఇక ‘వ’. అచ్చు తర్వాత వచ్చే వకారాన్ని డేన్‌లు పెదాలతో మెత్తగా, దాదాపు ‘ఉ’లా పలుకుతారు. డేనిష్‌లో ‘పేరు’ అన్న మాటకే ‘నవ్న్’ అని రాస్తారు, ‘నౌన్’ అంటారు. అలా మెత్తబడిన ‘వ’ తన ముందున్న మొదటి ‘ఎ’తో కలిసిపోతూ దాన్ని గుండ్రంగా మార్చింది. ఆ కలయికలో పుట్టిందే ఈ పేరులోని అచ్చు. దాన్ని డేనిష్‌లో రోమన్ ‘ఓ’ అక్షరం మీద ఏటవాలు గీత గీసి రాస్తారు.

ఈ అచ్చు తెలుగులో లేదు. నాలుకను ‘ఏ’ అనడానికి ఉంచి, పెదాలను ‘ఓ’ అన్నట్టు గుండ్రంగా చుడితే వచ్చే ధ్వని అది. డేనిష్ వర్ణమాల చివర అది స్వతంత్ర అక్షరం, ‘ఓ’కు అలంకారం కాదు. ఒంటరిగా నిలబడితే అదే ఒక పూర్తి మాట, దానికి ‘ద్వీపం’ అని అర్థం. వందల దీవుల దేశంలో అది ఎంత అవసరమైన మాటో చెప్పనక్కర్లేదు. పేరులోని రకారం కూడా మన ‘ర’లా నాలుక కొసన ఆడదు, గొంతులోకి జారి దాదాపు అచ్చులా వినిపిస్తుంది. కాబట్టి తెలుగులో ‘సోరెన్’ అనేది దగ్గరి రాత మాత్రమే. డేన్ నోట వింటే ‘సోఅన్’కు దగ్గరగా ఉంటుంది.

సోరెన్ ఒక్కడే ఇలా మారలేదు. నికొలాస్ నీల్స్ అయ్యాడు, యోహానెస్ యెన్స్ అయ్యాడు, లౌరెన్షియుస్ లార్స్ అయ్యాడు, మార్టినుస్ మోర్టెన్ అయ్యాడు. ఆడవాళ్ళ పేర్లలో కాథరీనా కారెన్‌గా, మార్గరేటా మెట్టెగా మారాయి. ఇవాళ అచ్చమైన డేనిష్ పేర్లుగా లోకం గుర్తుపట్టేవాటిలో చాలావరకు ఇలా వచ్చి ఇంటివైపోయినవే. తెలుగులో లక్ష్మి, లచ్చి రెండూ బతికినట్టు డెన్మార్క్‌లో మూలరూపమూ పక్కనే బతికింది. ఉత్తర డెన్మార్క్‌లోని స్కేగెన్ తీరపు వెలుగును బొమ్మల్లోకి ఎక్కించిన చిత్రకారుడు క్రోయర్ పూర్తి పేరు పెడర్ సెవెరిన్ క్రోయర్.

థోర్‌తో ముడి ఎందుకు కుదరదు?

థోర్ పేరు వైకింగ్‌ల కాలపు స్కాండినేవియా భాష అయిన పాత నార్స్‌లో ‘థ’కారంతో మొదలయ్యేది. డేనిష్‌లో ఆ ధ్వని ‘ట’గా మారింది, ‘స’గా కాదు. థోర్ పేరు మీద వచ్చిన గురువారం డేనిష్‌లో ‘టోర్స్‌డే’. ఆ దేవుడి పేరుతో మొదలయ్యే మనుషుల పేర్లు టోర్స్టెన్, టోర్బెన్ అయ్యాయి. ఈ దారిలో సోరెన్ రావడానికి వీల్లేదు. వైకింగ్ వాసన ఉన్న పేరు కావాలనుకునేవారికి ఇది నిరాశే కావచ్చు కానీ ధ్వని మార్పులకు నియమాలుంటాయి. కోరుకున్నట్టు వంగవు. నార్వే భాషలో ఈ పేరు మొదటి భాగంలాగే పలికే మాటకు ‘దక్షిణం’ అని అర్థం ఉన్నా అదీ కాకతాళీయమే. డేనిష్‌లో దక్షిణానికి వేరే మాట ఉంది.

సెయింట్ పోయాడు, పేరు మిగిలింది

డెన్మార్క్‌లోని యూట్‌లాండ్ ద్వీపకల్పం మధ్యలో, సరస్సుల నడుమ గామెల్ ర్యూ అనే చిన్న ఊరుంది. అక్కడి చర్చి పేరు సెయింట్ సోరెన్ చర్చి. దగ్గర్లోనే ఆయన పేరుతో ఒక ఊట ఉంది. మధ్యయుగాల చివర్లో రోగాలు నయమవుతాయన్న నమ్మకంతో జనం అక్కడికి యాత్రగా వచ్చేవారు. ఊరి స్థాయికి మించి పెద్ద చర్చి కట్టగలిగింది ఆ యాత్రికుల వల్లే. లాటిన్ ప్రార్థనలో సెవెరీనుస్‌గా ఉన్న సెయింట్ జనం నోట అప్పటికే సోరెన్ అయ్యాడని ఆ ఊట పేరే చెబుతుంది.

1533లో రాజు మొదటి ఫ్రెడరిక్ చనిపోయాడు. వారసుణ్ణి ఎన్నుకోవాల్సిన పెద్దలు మతం దగ్గర చీలిపోయారు. పెద్ద కొడుకు క్రిస్టియన్, సెయింట్లకు మొక్కడాన్ని ఒప్పుకోని జర్మన్ మత సంస్కర్త మార్టిన్ లూథర్ బోధను నమ్మినవాడు. కాథలిక్ బిషప్‌లకు అతను రాజు కావడం ఇష్టం లేదు. నిర్ణయం వాయిదా పడింది, దేశం అంతర్యుద్ధంలోకి జారింది. చివరికి యూట్‌లాండ్ ప్రభువులు 1534 జూలై 4న గామెల్ ర్యూలో, ఈ సోరెన్ చర్చిలోనే సమావేశమై క్రిస్టియన్‌ను రాజుగా ఎన్నుకున్నారు. యుద్ధం గెలిచిన మూడో క్రిస్టియన్ 1536లో బిషప్‌లను తొలగించి, డేనిష్ చర్చిని లూథరన్ చర్చిగా మార్చాడు.

దాంతో సెయింట్లకు మొక్కుకోవడం పోయింది, యాత్రలు తగ్గాయి. గామెల్ ర్యూ చర్చి తన పూర్వ వైభవాన్ని పోగొట్టుకుంది. సెయింట్ సోరెన్ కప్పు కింద ఎన్నికైన రాజే సెయింట్ల ఆరాధనకు తెరదించాడన్నమాట. తర్కం ప్రకారమైతే ఆ తర్వాత సోరెన్ అన్న పేరు కూడా మెల్లగా తెరమరుగు కావాలి. జరిగింది వేరు. తర్వాతి శతాబ్దాల్లో యూట్‌లాండ్ పల్లెల్లో సోరెన్ మరింత పాతుకుపోయింది. నీల్స్, యెన్స్, పెడర్, క్రిస్టెన్‌లతోపాటు ప్రతి ఊళ్ళో వినిపించే కొద్దిపాటి పేర్లలో ఒకటైంది.

పేరు ఏ నమ్మకం మీద వచ్చిందో ఆ నమ్మకం పోయాక కూడా ఎలా బతికింది? జవాబు చర్చిలో లేదు, ఇంట్లో ఉంది.

తాత పేరు మనవడికి

డేనిష్ రైతు కుటుంబాల్లో పేరు పెట్టడానికి ఒక వరస ఉండేది. మొదటి కొడుక్కి నాన్నవైపు తాత పేరు, రెండో కొడుక్కి అమ్మవైపు తాత పేరు. ఆడపిల్లలకు నాయనమ్మ, అమ్మమ్మల పేర్లు. భార్యో భర్తో చనిపోయి మళ్ళీ పెళ్ళి చేసుకుంటే, ఆ తర్వాత పుట్టిన బిడ్డకు పోయినవారి పేరు పెట్టేవారు. తెలుగు ఇళ్ళల్లో తాత పేరు మనవడికి పెట్టుకోవడం తెలిసినవారికి దీని బలం అర్థమవుతుంది. ఇలాంటి పద్ధతిలో కొత్త పేరు లోపలికి రావడం కష్టం, పాత పేరు బయటికి పోవడం ఇంకా కష్టం. ఒకసారి ఆ వరసలో చేరిన సోరెన్ సెయింట్ అండ లేకుండానే తరం విడిచి తరం తిరిగి వచ్చాడు.

దీనికి తోడు తండ్రి పేరే రెండో పేరు. సోరెన్ కొడుకు యెన్స్ అయితే యెన్స్ సోరెన్సెన్. ‘సెన్’ అంటే కొడుకు. కూతురు ఆన్నె అయితే ఆన్నె సోరెన్స్‌డాటర్. యెన్స్ తన కొడుక్కి తాత పేరు పెడితే అతను సోరెన్ యెన్సెన్. మన ఇంటిపేరు ఊరినో వృత్తినో పట్టుకుని తరతరాలు మారకుండా నిలుస్తుంది. వీళ్ళ రెండో పేరు ప్రతి తరానికీ మారేది. తమిళుల పేరు ముందుండే తండ్రి ఇనీషియల్‌తో పోల్చుకుంటే సులువుగా అర్థమవుతుంది.

కీర్కెగార్డ్ కుటుంబాన్నే చూడండి. తండ్రి మికేల్ పెడర్సెన్ కీర్కెగార్డ్, అంటే పెడర్ కొడుకు మికేల్. యూట్‌లాండ్‌లోని సేడింగ్ అనే పేద పల్లె నుంచి కోపెన్‌హాగన్ వచ్చి, వ్యాపారంలో సంపన్నుడయ్యాడు. కీర్కెగార్డ్ అన్నది చర్చికి చెందిన పొలం నుంచి వచ్చిన గుర్తింపు. ఆ మాటకు శ్మశానం అన్న అర్థమూ ఉంది. తల్లి ఆనె సోరెన్స్‌డాటర్ లున్, అంటే సోరెన్ కూతురు ఆనె. 1813 మే 5న వాళ్ళకు పుట్టిన ఆఖరి బిడ్డ సోరెన్ ఓబి కీర్కెగార్డ్. అమ్మ పేరులో ‘సోరెన్ కూతురు’గా ఉన్న తాత మనవడి పేరులో మళ్ళీ కనిపించాడు. అతని కన్నా ముందు పుట్టిన ఒక అన్నకు కూడా సోరెన్ మికేల్ అనే పెట్టారు. ఒకే ఇంట్లో ఇద్దరు సోరెన్‌లు ఉండటం అప్పట్లో వింత కాదు. వరస అలాంటిది.

ఈ పద్ధతితో ప్రభుత్వానికి మాత్రం తలనొప్పిగా ఉండేది. కొద్దిపాటి పేర్లే ఊరంతా తిరుగుతుంటే ఏ సోరెన్ యెన్సెన్ ఎవరో రికార్డుల్లో తేల్చడం కష్టం. డెన్మార్క్ రాజు ఏలుబడిలోనే ఉన్న దక్షిణాది స్లెస్విగ్ ప్రాంతంలో 1771లోనే స్థిరమైన ఇంటిపేరు పెట్టుకోమన్నారు. డెన్మార్క్ రాజ్యంలో 1828 నాటి ఆదేశం, బాప్టిజం సమయంలోనే బిడ్డకు ఇంటిపేరు నిర్ణయించాలని చెప్పింది. పల్లెలు వెంటనే మారలేదు. కొన్ని దశాబ్దాల పాటు పాతా కొత్తా కలిసి నడిచాయి. క్రమంగా ఎవరి తరంలో పేరు మారడం ఆగిందో ఆ తరపు తండ్రి పేరే శాశ్వత ఇంటిపేరైంది. డెన్మార్క్‌లో ఇవాళ అత్యధికంగా కనిపించే పది ఇంటిపేర్లలో సోరెన్సెన్ ఒకటి. ఆ ఇంటిపేరు ఉన్నవాళ్ళ తండ్రి పేరు సోరెన్ కావాల్సిన పనిలేదు. ఎప్పుడో ఒక ముత్తాత ముత్తాత సోరెన్ అయ్యుంటాడు, అంతే.

తెలుగు పిల్లలు కూడా తమకు తెలియకుండానే ఒక సోరెన్‌ను పాఠంగా చదువుతారు. ఆమ్లం, క్షారం కొలిచే పీహెచ్ స్కేలును 1909లో ప్రతిపాదించిన శాస్త్రవేత్త పేరు సోరెన్ పీటర్ లౌరిట్స్ సోరెన్సెన్. కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎంజైమ్‌ల మీద పనిచేస్తూ, ద్రవంలో ఆమ్లత్వాన్ని తేలికైన అంకెల్లో చెప్పే దారి వెతికాడు. ఆయన పేరును విడదీస్తే సెవెరీనుస్, పెట్రుస్, లౌరెన్షియుస్, చివర మళ్ళీ సెవెరీనుస్ కొడుకు. ఒక్క మనిషి పేరులో సెయింట్లు వరసగా నిలబడి ఉన్నారు. అప్పటికి వాళ్ళకు మొక్కడం మానేసి దాదాపు 370 ఏళ్ళు.

తిట్టులోకి, నాటకంలోకి

బాగా వాడుకలో ఉన్న పేరుకు ఇంకో ముప్పు ఉంటుంది. అది మామూలు మాటగా మారిపోతుంది. డేనిష్‌లో చిరాకు పడినప్పుడు ‘ఫర్ సోరెన్!’ అనే వాడుక ఉంది. ‘ఛీ, ఏమిటిది!’ అన్నంత మోతాదు. ఇక్కడ సోరెన్ మనిషి కాదు, సాతానుకు బదులు వచ్చిన మాట. సాతాను పేరు నోటితో పలకడం పాపమనుకునే కాలంలో, అదే సకారంతో మొదలయ్యే ఒక మామూలు పేరును అడ్డం పెట్టుకున్నారు. మన పల్లెల్లో రాత్రిపూట పాము అనకుండా ‘పురుగు’ అనడం ఇలాంటిదే. భయపెట్టేదాన్ని దాని అసలు పేరుతో పిలవకపోవడం. ఈ మాట నార్వేలోనూ వినిపిస్తుంది. ఇప్పుడు పిల్లల ముందు అన్నా తప్పుగా అనిపించనంత తేలిక మాట అది.

కీర్కెగార్డ్ జీవితంలో ఈ పేరు వేరే రకంగా నలిగింది. 1844లో వచ్చిన ఒక విద్యార్థి హాస్య నాటకంలో వాదనలతో విసిగించే క్రైస్తవ వేదాంత విద్యార్థి పాత్ర పేరు సోరెన్ కిర్క్. అది ఎవరిని ఉద్దేశించిందో కోపెన్‌హాగన్‌లో అందరికీ అర్థమైంది. 1846లో ‘కోర్సారెన్’ అనే వ్యంగ్య పత్రిక అతని ప్యాంట్లను, సన్నని కాళ్ళను బొమ్మలు గీసి ఎగతాళి చేసింది. వీధుల్లో పిల్లలు వెంటపడేవారు. పల్లెటూరి వాసన ఉన్న సామాన్యమైన పేరు, దానికి తోడు శ్మశానాన్ని గుర్తుచేసే ఇంటిపేరు. ఎగతాళికి రెండూ చేతికందిన సరుకయ్యాయి. అదే జంట ఇప్పుడు ప్రపంచంలో గౌరవంగా వినిపిస్తుందంటే దానికి కారణం ఆ మనిషి రాసిన పుస్తకాలే.

ఝార్ఖండ్ సోరెన్ సంగతి

సోరెన్ అనేది సంతాల్ ఆదివాసుల గోత్రాల్లో ఒకటి. ముర్ము, మరాండీ, హాంస్దా, హేంబ్రమ్, కిస్కూ, టూడూ వంటివి మిగతా గోత్రాలు. రాష్ట్రపతి ద్రౌపది ముర్ము పేరులో ఉన్నదీ అలాంటి గోత్రనామమే. ఒకే గోత్రంలో పెళ్ళిళ్ళు చేసుకోరు. సంతాల్ సంప్రదాయంలో కిస్కూలను రాజులుగా, ముర్ములను పూజారులుగా, సోరెన్‌లను సైనికులుగా చెబుతారు. సంతాలీ ముండా శాఖకు చెందిన ఆస్ట్రోఏషియాటిక్ భాష. లాటిన్‌తోగానీ డేనిష్‌తోగానీ దానికి పుట్టుక సంబంధం లేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాటవేయకూడదు. డెన్మార్క్ నుంచి వచ్చిన హాన్స్ పీటర్ బోరెసెన్, నార్వే నుంచి వచ్చిన లార్స్ ఓల్సెన్ స్క్రెఫ్స్‌రూడ్ 1867లో ఇప్పటి ఝార్ఖండ్‌లోని దుమ్కా ప్రాంతంలో ఉన్న బెనాగరియాలో సంతాలుల మధ్య క్రైస్తవ మిషన్ స్థాపించారు. స్క్రెఫ్స్‌రూడ్ సంతాలీ వ్యాకరణం రాశాడు. అంటే సంతాల్ నేలకు డేనిష్, నార్వేజియన్ మనుషులు వచ్చిన మాట నిజం. పేరు కూడా వాళ్ళతోనే వచ్చిందా అని అడగడం తప్పు కాదు. కానీ జవాబు స్పష్టంగానే ఉంది. మిషనరీలు తెచ్చే పేరు బాప్టిజం పొందిన మనుషులకు వస్తుంది, ఒక తెగ మొత్తంలో వివాహ నియమాలను నడిపించే గోత్రంగా మారదు. సోరెన్ గోత్రం బాప్టిజంతో సంబంధం లేని సంతాలులందరిలోనూ, మిషన్ జాడ లేని ప్రాంతాల్లోనూ ఉంది. సంతాలుల పుట్టుక కథల్లోనే గోత్రాల పంపకం ఉంది. అచ్చు కూడా వేరు. సంతాలీ పేరులో ఉన్నది మామూలు ‘ఓ’. రెండు పేర్లు ఒకటిగా కనిపించడానికి కారణం తెలుగు లిపి, గీత తీసేసి రాసే ఇంగ్లిష్ రాత. సంతాల్ పేరును డెన్మార్క్ నుంచి వచ్చిందనడం పొరపాటే కాదు, ఒక జాతికి తనదైన పాత చరిత్ర ఉందని మరచిపోవడం కూడా.

ఇప్పుడు ఈ పేరు ఎవరిది?

డెన్మార్క్‌లో ఇవాళ సోరెన్ అంటే ఎక్కువగా నడివయసు దాటిన మనిషి. 1960లు, 70లలో పుట్టిన మగపిల్లలకు ఈ పేరు బాగా పెట్టారు. ఇప్పటి పసిపిల్లల్లో తక్కువ. తాత పేరు వరస సడలిపోయాక పేర్లకు ఫ్యాషన్ వస్తుంది, పోతుంది. సోరెన్ ప్రస్తుతం పోయే దశలో ఉంది. మరోవైపు అమెరికాలో 21వ శతాబ్దంలో ఈ పేరు కొత్తగా వాడుకలోకి వచ్చింది. కీర్కెగార్డ్ పేరు ప్రతిష్ఠ, స్కాండినేవియా పేర్ల మీద మోజు రెండూ అందుకు తోడ్పడ్డాయి. అక్కడ గీత లేదు, అచ్చు కూడా మామూలు ‘ఓ’. డెన్మార్క్‌లో యాభై దాటినవారి పేరు అట్లాంటిక్ అవతల బడిపిల్లల పేరైంది. కాబట్టి అమెరికాలోని తెలుగు పిల్లల క్లాసులో సోరెన్ అనే అబ్బాయి ఉంటే, అతని ఇంట్లో డేనిష్ మూలాలు ఉన్నాయని అనుకోనక్కర్లేదు.

గీత ఉన్న ఆ అక్షరం ప్రయాణాల్లో డేన్‌లను ఇంకా ఇబ్బంది పెడుతూనే ఉంది. పాస్‌పోర్టు పైభాగంలో పేరు డేనిష్ అక్షరంతోనే ఉంటుంది. అడుగున యంత్రం చదివే వరుసలో మాత్రం, అంతర్జాతీయ నియమం ప్రకారం, ఆ ఒక్క అక్షరం బదులు ‘ఓ’, ‘ఇ’ అనే రెండు రోమన్ అక్షరాలు పడతాయి. విమాన టికెట్ల మీద కొన్నిసార్లు ఒక్క ‘ఓ’ మాత్రమే కనిపిస్తుంది. డేనిష్ రాతలో ఐదక్షరాలుండే పేరు ఒక కాగితం మీద ఐదుగా, ఇంకో కాగితం మీద ఆరుగా ఉన్న మనిషి, రెండూ తనవేనని కౌంటర్ దగ్గర చెప్పుకోవాల్సి వస్తుంది.